కరువు సాహిత్యంలో మట్టి జాడ

గోదావరిఖనిలో డిగ్రీ విద్యార్థులకు విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట' గురించి చెబుతూ ఉండగా వెనుక బెంచీ నుంచి ఒక కుర్రవాడు లేచి ఒక ప్రశ్న వేశాడు. "సార్, అనంతపురంల వాన లేదు, కరువొచ్చింది. మంచిదే. మనకు గోదారి పక్కన్నే ఉన్నది. మరి మా తాత ఊరిడిసిపెట్టి బొగ్గుబాయికెందుకొచ్చిండు?" కాలం కాలేదు కాబట్టి వచ్చి ఉంటాడని చెప్పాను. అతడు కూర్చోలేదు. "మల్ల కాలమయ్యింది గద సార్. అయినంక వాపసెందుకు పోలే?"

ఆనాడు నేనిచ్చిన సమాధానం మన విమర్శ గ్రంథాలన్నీ ఇచ్చే సమాధానమే. షావుకారు అప్పు, దొర వెట్టి, శిస్తు బరువు, బావిలో దిగితే నెల నెలా చేతికందే జీతం. ఇందులో ఒక్కటీ అబద్ధం కాదు. అయినా ఆ కుర్రవాని ముఖంలో తృప్తి కనపడలేదు. ఇంటికి వచ్చిన తరువాత నాకూ కలగలేదు. వాన తిరిగి వచ్చినప్పుడు మనిషి ఎందుకు తిరిగి పోలేదన్న ప్రశ్న మన కరువు సాహిత్యం మొత్తానికి వేయవలసిన ప్రశ్న అని నాకు తోచింది.

కరువు అనగానే మనవారు ఆకాశం వైపు చూస్తారు. మబ్బు లేని ఆకాశం, ఎండిన చెరువు, డొక్కలు తేలిన పశువులు, గంజి కేంద్రం ముందు వరుస కట్టిన జనం. ఇవి లేని కరువు కథ లేదు. 1832లో వచ్చిన నందన కరువును, 1876లో వచ్చిన ధాత కరువును జనం సంవత్సరాల పేర్లతోనే గుర్తుంచుకొన్నారు. కరువుకు ఒక పేరు, ఒక తేదీ ఉంటాయి. ఎప్పుడో మొదలై ఎప్పుడో ముగుస్తుంది. కథకుడికి ఇది వీలైన వస్తువు. మట్టి కొట్టుకుపోవడానికి అటువంటి తేదీ లేదు. ఏ సంవత్సరానిదీ కాని ఆ నష్టానికి జనం పేరు పెట్టలేదు, రచయితా పెట్టలేదు.

మా ప్రాంతాన్నే తీసుకొందాం. అనంతపురంలో సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే పెద్దపల్లి, రామగుండం వైపు 1000కి అటూ ఇటూగా పడుతుంది. లెక్క ప్రకారం ఇక్కడ కరువు ఉండకూడదు. కాని ఆ వానలో అధికభాగం నాలుగు నెలల్లో, అందులోనూ కొన్ని దినాలలో కుండపోతగా పడుతుంది. గోదావరి ఒడ్డు కింద పారుతుంది, చెల్కలు ఒడ్డు పైన ఉంటాయి. నది కంటికి కనపడుతుంది గాని చేనుకు అందదు. చెల్క నేల సన్నని పొర. దాని కింద మొరం, మొరం కింద రాయి. మృగశిరలో మొదటి గట్టి వాన పడేనాటికి చేనులో పైరు ఉండదు. చినుకు తిన్నగా పెళ్ల మీద పడి పగులగొడుతుంది. సన్నని బంకమట్టి, పెంట ఎరువు, కుళ్లిన ఆకు మొదట తేలిపోతాయి. మిగిలేది ఇసుక, గులక రాయి. ఆ మిగిలిన నేలకు నీరు పట్టి ఉంచే శక్తి తగ్గిపోతుంది. ఒకప్పుడు వాన రెండు మూడు వారాలు ఎడం ఇచ్చినా తట్టుకొన్న జొన్న చేను ఇప్పుడు పది దినాలకే వాడిపోతుంది. అంటే వాన ఒక్క చుక్క తగ్గకపోయినా కరువు పెరుగుతుంది. మొన్నటి మామూలు ఎడమే నేడు కరువు అవుతుంది. ఆ తాత తిరిగి పోకపోవడానికి కారణం ఇక్కడ ఉన్నది. వాన తిరిగి వచ్చింది. అది పడవలసిన మట్టి రాలేదు.

ఇది నా ఊహ కాదు. 1983లో ధ్రువనారాయణ, రాంబాబు అనే శాస్త్రజ్ఞులు దేశం మొత్తం మీద ఏటా హెక్టారుకు సగటున 16 టన్నులకు పైగా మట్టి కదిలిపోతున్నదని లెక్క కట్టారు. అందులో మూడోవంతుకు దగ్గరగా సముద్రంలో కలుస్తుంది. పదోవంతు జలాశయాల్లో పడుతుంది. 112 టి.ఎం.సి.ల కోసం కట్టిన శ్రీరాంసాగర్ నిలవ తరువాతి కొలతల్లో 90కి దిగిందంటే, ఆ తేడా అంతా ఎవరో ఒకరి చేను. అంగుళం మట్టి పుట్టడానికి కొన్ని వందల ఏళ్లు కావాలి. పోవడానికి కొన్ని వానలు చాలు.

ఈ లెక్కను దగ్గర పెట్టుకొని మన రచనలను మళ్లీ చదవవలసి ఉన్నది.

'పెన్నేటి పాట' 1956లో పుస్తకంగా వచ్చింది. కరువును కావ్యవస్తువుగా చేసి, రంగడు, గంగమ్మ అనే బీద దంపతులను నాయికా నాయకులుగా నిలబెట్టిన సాహసం దానిది. పెన్నను పుణ్యనదిగా గాక ఇసుక ఎడారిగా చూపడం ఆ కాలానికి చిన్న పని కాదు. పల్లె పలుకును పద్యంలో పట్టిన తీరు గురించి ఎందరో చెప్పారు. నేను కొత్తగా చెప్పబోయేది లేదు. కాని ఇసుక ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నకు ఆ కావ్యం నిలబడదు. అందులో ఇసుక, పోయిన వైభవానికి గుర్తు. చూసినవాని గుండెలో బరువు. నిజానికి ఇసుక ఒక ప్రయాణానికి చివరి మజిలీ. పై చేలలో బంక తేలిపోయి, గట్టు తెగి, వాగు కోసుకొని, ఏటిలో మేట వేసిన పదార్థం అది. కవి నదిని చూశాడు, నది పక్క మనిషిని చూశాడు. నదికీ మనిషికీ మధ్య ఉన్న చేను మీద ఆయన చూపు అంతసేపు ఆగలేదు. ఇది విశ్వం గారి తప్పు అనడం లేదు. ఆయన తరువాత అరవై డెబ్బై ఏళ్లుగా ఆ కావ్యాన్ని పాఠం చెబుతున్న మాబోటివాళ్లది తప్పు. కరువును కవి హృదయవిదారకంగా వర్ణించిన విధమును వివరింపుము అని ప్రశ్నపత్రం తయారు చేసి పంపడంతో మా పని అయిపోతుంది.

సింగమనేని నారాయణ కథల్లో వాస్తవికత మరింత చిక్కబడింది. 'జూదం' కథకు ఆ పేరు పెట్టడంలోనే వేరుసెనగ రైతు బతుకుపై ఒక తీర్పు ఉన్నది. వాన పడితే గెలుపు, పడకపోతే ఓటమి. అనంతపురం జిల్లా ఏడెనిమిది లక్షల హెక్టార్లలో ఒకే పంట వేసిన రోజులను ఎరిగినవారికి ఆ మాట ఎంత సూటిగా తగులుతుందో తెలుసు. అయితే ఆ ఉపమానంలోనే ఒక లోటు ఉన్నది. జూదంలో ఓడినవాడు డబ్బు పోగొట్టుకొంటాడు, పలక మాత్రం అలాగే ఉంటుంది. మరునాడు ఇంకొకడు వచ్చి దాని మీదనే ఆడవచ్చు. వేరుసెనగ సేద్యంలో పలకే అరిగిపోతుంది. వేరుతో సహా పీకవలసిన పంట అది. పీకిన తరువాత నేల గుల్లబారి, కప్పు లేకుండా ఎండకూ గాలికీ మిగిలిపోతుంది. గెలిచిన ఏడు కూడా మట్టి ఓడుతూనే ఉంటుంది. కాబట్టి ఇది జూదమే కాదు, కాళ్ల కింది నేలను కొంచెం కొంచెంగా అమ్ముకోవడం కూడాను. జూదం అన్న మాట మార్కెట్టును, మబ్బును పట్టుకొన్నది. మూడో దాన్ని వదిలింది.

బండి నారాయణస్వామి 'శప్తభూమి'కి 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. 18వ శతాబ్దపు హండే రాజుల సీమను అంత విస్తారంగా చూపిన నవల మరొకటి లేదు. నవల లోపల శాపం ఏమీ లేదు. ఉన్నది పాలన, కులం, యుద్ధం. కాని ఆ పేరు మాత్రం ఉపన్యాస వేదికల మీద వేరే బతుకు బతుకుతున్నది. రాయలసీమ శపించబడిన భూమి అనగానే సభలో చప్పట్లు పడతాయి. శాపం అన్న తరువాత ఇక కారణం వెతకవలసిన పని ఉండదు గదా! రచయిత చరిత్రను తవ్వి తీస్తే శ్రోతలు దానిని మళ్లీ పురాణంలో పూడ్చి పెడుతున్నారు.

ఇక మన ఉద్యమ సాహిత్యం మాట. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పుట్టినప్పటి నుంచి భూమి మన రచనలకు కేంద్రం. తెలంగాణ రైతాంగ పోరాటం దున్నేవానికే భూమి అన్న మాటను నిజం చేసి చూపించింది. ఆ సాహిత్యం భూమి ఎవరిది అని అడిగింది, అడగవలసిన విధంగానే అడిగింది. కాని ఎంత లోతు భూమి అని అడగలేదు. ఎకరాలు లెక్క పెట్టాము, జానలు లెక్క పెట్టలేదు.

ఈ రెండు ప్రశ్నలూ వేరువేరు కావు. ఏ ఊరికైనా పోయి చూడండి. చెరువు కింద తరి భూమి ఎవరి చేతుల్లో ఉండేది? పటేళ్లు, పట్వారీలు, దొరలు. మిట్ట మీద ఖుష్కీ చెల్క ఎవరిది? తరువాతి రోజుల్లో లావణి పట్టాగా పేదవానికి ప్రభుత్వం ఇచ్చినది తరచు ఏ నేల? రాళ్ల చెల్క, గుట్ట వాలు, పోరంబోకు. వాలు నేలకు మట్టి నిలవదు. పై నుంచి కొట్టుకుపోయిన మంచి మట్టి కింది పొలంలోనో, చెరువులోనో చేరుతుంది. అంటే పేదవాని చేనులోని సారం ఏ కాగితం రాయకుండా, ఏ సంతకం పెట్టకుండా దిగువ ఆసామి పొలంలోకి నడిచిపోతున్నది. అప్పు పత్రంలో వేలిముద్ర వేయించుకొన్న షావుకారు మన కథల్లో వందసార్లు వచ్చాడు. వేలిముద్ర అక్కరలేని ఈ దోపిడీ ఎన్నిసార్లు వచ్చింది? పట్టా చేతికి వచ్చిన రోజుతో కథ ముగించిన రచయితలు, ఆ పట్టా భూమి పదిహేనేళ్లకు మొరం తేలిన సంగతి రాయలేదు. పట్టాదారు మళ్లీ కూలికి పోయాడంటే తాగుడనో, సోమరితనమనో ఊరు అన్నది. సాహిత్యం బదులు చెప్పలేదు.

మట్టిని పేరులో పెట్టుకొన్న వాసిరెడ్డి సీతాదేవి 'మట్టిమనిషి' ఉన్నది గదా అని అడగవచ్చు. సాంబయ్య వంటి రైతు తెలుగు నవలలో మరొకడు పుట్టలేదని ఒప్పుకొంటాను. కాని అతని మట్టి కోస్తా మట్టి. ఆ నవలలో భూమి చేతులు మారుతుంది. కొడుకు వెంకటపతి చేతుల్లో కరిగి ఇతరుల పాలవుతుంది. నేల మాత్రం తరగదు. పోయిన ఎకరం ఎక్కడో ఉంటుంది, మనవడు మళ్లీ నాగలి పట్టవచ్చు. చేతులు మారే భూమిని గురించి మనకు గొప్ప నవలలు ఉన్నాయి. తరిగిపోయే నేలను గురించి లేవు. మెట్ట రైతుకు ఎర్ర చెల్క, దుబ్బ, గరప, సవుడు, రేగడి అని నేలకు ఇన్ని పేర్లు తెలుసు. మన కథల్లో చాలావాటికి ఒకే పేరు, భూమి.

మిత్రులు కొందరు ఇక్కడ అభ్యంతరం చెబుతారని తెలుసు. మట్టి, వాన అంటూ మాట్లాడితే దోపిడీని ప్రకృతి మీదికి నెట్టినట్టు కాదా అని. పాత అభ్యంతరమే. దీనికి మార్క్సే జవాబు చెప్పి ఉన్నాడు. 1867లో వచ్చిన 'పెట్టుబడి' మొదటి సంపుటంలో, పెట్టుబడిదారీ వ్యవసాయం శ్రామికుణ్ణి దోచడంతోపాటు నేలను కూడా దోచుకొంటుందని ఆయన చెప్పాడు. రెంటినీ ఒకే వాదంలో పెట్టాడు. మనం మొదటి సగం చదువుకొని రెండో సగం మరిచాము. మట్టిని వదిలిన వర్గదృష్టి అక్షరాలా నేల విడిచి సామే.

ఇది ఎలా రాయవచ్చునో లోకంలో ఉదాహరణ లేకపోలేదు. 1930ల్లో అమెరికా మైదానాల్లో నేల దుమ్మై లేచిపోయింది. 1935 ఏప్రిల్ 14న లేచిన ధూళి తుఫాను నాటి పగటి చీకటిని ఆ జనం మరిచిపోలేదు. అదే నెలలో అక్కడి కాంగ్రెసు నేల పరిరక్షణ చట్టం చేసింది. 1939లో స్టెయిన్‌బెక్ 'ద గ్రేప్స్ ఆఫ్ రాత్' వచ్చింది. ఆ నవల మనుషులతో మొదలు కాదు. నేలతో, దుమ్ముతో, వాడిపోతున్న మొక్కజొన్నతో మొదలవుతుంది. కౌలుదార్లను తరిమే బ్యాంకులు, ట్రాక్టర్లు ఆ తరువాత వస్తాయి. ఏళ్ల తరబడి వేసిన పత్తి నేలను పీల్చేసిందని అందులోని రైతులకు తెలుసు, బ్యాంకుకూ తెలుసు. దుమ్ము గురించి రాయడం వల్ల బ్యాంకు నేరం తగ్గలేదు, రెట్టింపయింది. అక్కడ గాలి చేసిన పని ఇక్కడ నీరు చేస్తున్నది. గాలి చేసిన నాశనం ఒక్కరోజులో ఆకాశమంతా కమ్ముకొన్నది కాబట్టి అందరికీ కనపడింది. నీరు చేసేది ఎర్రని వరదగా వాగులో పారిపోతుంది. పిల్లలు ఒడ్డున నిలబడి చూస్తారు, పెద్దలు మంచి వాన పడిందని సంతోషిస్తారు.

మన ఇంటికి తిరిగి వద్దాం. మా ప్రాంతంలో బాయి అన్న మాటకు రెండు అర్థాలు ఉన్నాయి. మోట కట్టి నీరు తోడుకొనేది బాయి. తట్టా చెమ్మసూ పట్టుకొని దిగేదీ బాయే, బొగ్గుబాయి. జనం రెంటికీ వేరే మాట అక్కరలేదనుకొన్నారు. మొదటి బాయి ఎండితే రెండో బాయి దిగారు. ఈ ఒక్క మాటలో ఉన్న చరిత్రను మన సాహిత్య చరిత్ర రెండు అరలుగా విడదీసింది. కరువు కథలు ఒక అరలో, సింగరేణి కథలు ఇంకొక అరలో. కరువు కథలో మనిషి బస్సెక్కగానే కథ అయిపోతుంది. గని కథలో మనిషి షిఫ్టు సైరనుతో పుడతాడు. బస్సెక్కినవాడూ సైరను విన్నవాడూ ఒకడేనని చెప్పవలసిన పని ఎవరిది?

అల్లం రాజయ్య ఆ పని కొంత చేశాడు. 'కొలిమంటుకున్నది' 1979 నాటి నవల. కరీంనగర్ రైతుకూలీల పోరాటాన్ని లోపలి నుంచి చూసి రాసినది. ఆ చేతితోనే సింగరేణి కార్మికుల కథలూ రాశాడు. ఆయన కార్మికుని వెనుక ఊరు ఉంటుంది, ఊరి పగ ఉంటుంది, ఊరి భాష ఉంటుంది. దొరకూ పాలేరుకూ మధ్య జరిగినది అంత సూక్ష్మంగా చూసినవారు అరుదు. చెల్కకూ వాగుకూ మధ్య జరిగినది మాత్రం ఆ కథల్లోనూ నేపథ్యంగానే ఉండిపోయింది. పాట ఈ విషయంలో కథ కన్నా ముందు నడిచింది. ఎండిపోయిన వాగు మీద గోరటి వెంకన్న కట్టిన పాట విన్నవారికి నేను చెప్పేది తెలుస్తుంది. వాగు ఆ పాటలో ప్రతీక కాదు, ఊరిలోని ఒక మనిషి. కథకులు పాట దగ్గర నేర్చుకోవడానికి సిగ్గుపడనక్కరలేదు.

ఇంతవరకు చెప్పినది గతం గురించి. ఇప్పుడు మా ఎదుట జరుగుతున్నది మరొకటి. 1990 ప్రాంతంలో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవారు. నేడు నలభై వేలకు అటూ ఇటూ. కరువు పడితే దిగడానికి ఆ రెండో బాయి తలుపు దాదాపు మూసుకొన్నది. భూగర్భ గనుల స్థానంలో ఓపెన్‌కాస్టులు వచ్చాయి. ఒకప్పుడు రైతు ఊరు విడిచి బొగ్గు దగ్గరికి వచ్చేవాడు. ఇప్పుడు బొగ్గే ఊరి మీదికి వస్తున్నది. మేడిపల్లి వంటి ఊరి పేరు గని పేరుగా మారడం ఈ తరం కళ్లారా చూసింది. టన్ను బొగ్గు తీయాలంటే ఐదారు ఘనపు మీటర్ల మట్టీ రాయీ పక్కకు పోయాలి. పై మట్టిని వేరుగా తీసి దాచి, చివరకు దాని చోట దాన్ని పరచాలని పర్యావరణ అనుమతుల్లో షరతు ఉంటుంది. దూరం నుంచి చూస్తే పోసిన గుట్టలు కొండల్లా ఉంటాయి. దగ్గరికి పోతే వానకు కోసుకుపోయిన గండ్లు కనపడతాయి. ఆ గండ్లలో దిగి వచ్చే బూడిద రంగు మట్టి కింది చేలలో పరుచుకొంటుంది. వెయ్యేళ్లలో పుట్టిన పొర అడుగుకు పోయి, అడుగున ఉన్న రాయి పైకి వచ్చి, నేల తలకిందులైంది. జనం వీటిని బొందలగడ్డలంటున్నారు. కథకులు ఆ మాటను ఉపన్యాసంలో వాడుతున్నారు గాని, ఆ గుట్ట పక్క ఎకరంన్నర పత్తి వేసిన రైతు చేనులో ఒక వానాకాలం గడిపిన కథ నాకు ఇంతవరకు కనపడలేదు. నష్టపరిహారం ఎకరాకు కడతారు. లోతుకు ఎవరూ కట్టరు.

పూర్వులు ఇంత పరాకుగా లేరు. 1369 నాటి పోరుమామిళ్ల శాసనం చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను చెబుతూ గట్టి నేలను ఒకటిగా లెక్కించింది, చవిటి నేలను దోషాల్లో చేర్చింది. అదీ పద్యాల్లోనే. 2015లో తెలంగాణ ప్రభుత్వం మిషన్ కాకతీయ మొదలుపెట్టి నలభై ఆరు వేల చెరువుల పూడిక తీయాలనుకొన్నప్పుడు రైతులు ట్రాక్టర్లతో ఆ మట్టిని చేలకు తోలుకుపోయారు. అదే ఏడు రాష్ట్రంలో 231 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించారు. ఒక చేతిలో కరువు, మరో చేతిలో పోయిన మట్టి తిరిగి వస్తున్న బండి. ఒక పెద్ద నవలకు ఇంతకన్నా వస్తువు ఏమి కావాలి? ట్రాక్టరు కిరాయి పెట్టగలిగినవాని చేనుకే ఆ మట్టి ఎక్కువ చేరింది. కిరాయి లేనివాడు గట్టు మీద నిలబడి చూశాడు. తన చేను మట్టే అందులో ఎంత ఉన్నదో వానికి తెలుసు.

ఆ కుర్రవాని ప్రశ్నకు జవాబు నేను తరగతిలో చెప్పలేదు. వాళ్లనే ఇంట్లో అడిగి రాసుకొని రమ్మన్నాను. తాత విడిచివచ్చిన చేను ఎంత అని కాదు, అందులో నాగలి ఎంత లోతు దిగేదని. చాలామంది ఎకరాలే రాసుకొని వచ్చారు. అడిగిన కుర్రవాడు రెండు వాక్యాలు తెచ్చాడు. తాత పెండ్లినాడు కర్రు జానెడు దిగేదట. ఊరు విడిచిననాడు బెత్తెడు దిగి రాయికి కొట్టుకొన్నదట.